వజ్ర ట్యాంకా, ఫిరంగా? పనిచేసినవాళ్లు, దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి

ప్రొద్దుటూరు_పిల్లోడు
జనవరి 26 పరేడ్ టీవీలో వస్తుంటే మా నాన్న "అదిగో ట్యాంకు" అన్నాడు. కాదు నాన్నా, కే9 వజ్ర, హొవిట్జర్, అంటే గుండుని ఎత్తుగా ఎగరేసి దూరంగా కొట్టే ఫిరంగి అన్నా. "గొలుసు చక్రాలున్నాయి, పైన తిరిగే తలకాయ ఉంది, ముందు గొట్టముంది. ట్యాంకు కాకపోతే ఎడ్లబండా?" అన్నాడు. నోరు మూసుకున్నా. మన సైన్యానికి 2017లో 100 ఆర్డరిచ్చారు, 2024 డిసెంబర్‌లో ఇంకో 100కి 7,628 కోట్ల పైన ఒప్పందం. భాగిస్తే ఒక్కోటి 76 కోట్లు. లారీ వెనక కట్టి లాక్కెళ్లే ఫిరంగి కూడా అదే 155 మి.మీ. గుండు వేస్తుంది కదా, మరి ఇంత డబ్బు దేనికి?

పాత_తోప్చీ
నేను గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగైన వాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం రష్యా 130 మి.మీ. తోపు, అంటే ఫిరంగి మీదే. ముందు మీ నాన్నగారి ప్రశ్నకి: ట్యాంకు తన కంటికి కనబడిన దాన్ని కొడుతుంది, రెండు మూడు కిలోమీటర్ల లోపు. మేము కొట్టేది మాకు కనబడదు. గొట్టం ఆకాశంలోకి లేస్తుంది, గుండు కొండ దాటి దిగుతుంది. వజ్ర గొట్టం 70 డిగ్రీల దాకా లేస్తుందంటారు. ట్యాంకు గొట్టం అలా లేవదు.

ఇక డబ్బు సంగతి. 130తో మా పని వినండి. లారీ ఆగీ ఆగకముందే దూకాలి, తోపు విప్పాలి, రెండు కాళ్లూ విడదీయాలి, వాటి చివరి స్పేడ్లు, అంటే పారల్లాంటి పలకలు, నేలలో దిగాలి. గట్టి నేలైతే గునపాలే. గుండు 33 కిలోలు, చేతుల మీద మోయాలి. అసలు తంటా ఆఖరి రౌండు పేలాక. పేలిన ప్రతిసారీ కాళ్లు ఇంకాస్త లోపలికి కూరుకుపోయి ఉంటాయి. ఎనిమిది మందిమి "జోర్ లగాకే హైషా" అని పీకితే గానీ వచ్చేవి కావు. ఒకసారి రాజస్థాన్ రేంజ్‌లో సాయంత్రం పూట ఒక కాలు రాక, కింద ఇసుక చేతుల్తో తోడాం. యుద్ధమైతే ఆపాటికి అవతలి గుండ్లు మా నెత్తిన పడి ఉండేవి.

త్రిముల్గిరి_ఈఎంఈ
అన్న చెప్పిన స్పేడ్ పనే దీన్ల లేదు. నేను బండ్ల మెకానిక్‌ని, తోపు సంగతి వేరేటోళ్లు చెప్పాలె, కింది సంగతి నేను చెప్త. మన యెద్దుమైలారంల తయారైన సారథ్‌కి (జవాన్లని మోసే కవచం బండి) గానీ, టీ-72 ట్యాంకుకి గానీ టోర్షన్ బార్లుంటయ్, అంటే మెలిపడే ఇనుప కడ్డీలు. వజ్రకి చక్రం చక్రానికి ఆయిల్, నైట్రోజన్ గ్యాస్ నింపిన సస్పెన్షన్. కిందికి దిగిన దెబ్బని అదే మింగుతది. అందుకే నేలల ఏదీ పాతకుండనే కాలుస్తది. ఇంజన్ జర్మనీ ఎమ్‌టీయూ, 1000 గుర్రాలు, ముంగటనే ఉంటది. ట్యాంకుకి ఎనకుంటది గద, ఇది ఉల్టా. ఎనకంత ఖాళీ దొరికిందని అక్కడ తలుపు పెట్టిన్రు, గుండ్లు అట్నుంచే ఎక్కిస్తరు. మీ బాపుకి ట్యాంకు కాదని చూపెట్టాలంటే ఆ తలుపు చూపెట్టు, సాలు.

పాత_తోప్చీ
ఆ తలుపులోంచి నేనూ దూరాను! రిటైరయ్యాక యూనిట్ కలయికకి వెళ్తే చూపించారు. లోపల అయిదుగురే. గుండుని ట్రే పట్టుకెళ్లి గొట్టంలోకి తోస్తుంది, చార్జ్, అంటే గుండుని తోసే మందు, మాత్రం మనిషే పెట్టాలి. 48 రౌండ్లు లోపలే. నాకు వింతగా తోచింది ఏంటంటే ఎక్కడా మట్టి లేదు! మా గోళ్లలో ఎప్పుడూ మన్నే.

చాంగ్వాన్_తెలుగోడు
కొరియాలో నేనుండే ఊళ్లోనే దీని తల్లి, కే9 థండర్, తయారవుతుంది. మన దగ్గర ఎల్ అండ్ టీ వాళ్లు గుజరాత్ హజీరాలో చేస్తున్నారు. కొరియా వాళ్ల లెక్కలివి: ఆగి ఉంటే 30 సెకన్లలో, నడుస్తూ ఉంటే ఆగి 60 సెకన్లలో మొదటి గుండు. తర్వాత 15 సెకన్లలో మూడు. ముప్ఫై కిలోమీటర్ల పైన కొట్టే గుండు గాల్లో నిమిషానికి పైగా ఉంటుంది. అంటే మొదటిది నేల తాకేలోపే బండి గేరులో పడుతుంది. ఇంకో విద్య కూడా ఉంది. ఒకదాన్ని బాగా ఎత్తుగా, తర్వాతి దాన్ని కాస్త వాలుగా, చార్జ్ మార్చి మార్చి వేస్తే, ఒకే తోపు వదిలిన మూడు గుండ్లూ ఒకేసారి దిగుతాయి.

కానీ కాగితం మీది లెక్క వేరు. 2010 నవంబర్ 23న ఉత్తర కొరియా యోన్‌ప్యోంగ్ దీవి మీద గుండ్లు కురిపించింది. అక్కడ ఆరు కే9లున్నాయి. మొదట మూడే తిరిగి కాల్చగలిగాయి. ఒకదాంట్లో అంతకుముందు ప్రాక్టీసులో గుండు ఇరుక్కుంది, రెండింటి కరెంటు సరంజామా దెబ్బతింది. జవాబివ్వడానికి 13 నిమిషాలు పట్టింది. ఇప్పటికీ ఇక్కడ దాని గురించి వాదించుకుంటారు.

సందేహాల_శాస్త్రి
ఆ చివరి పేరా నాకు నచ్చింది. బరువు సంగతి ఎవరూ ఎత్తరేం? 47 టన్నుల పైమాటే. ఏ వంతెన మోస్తుంది? ఫ్రాన్సు సీజర్ చూడండి, లారీ మీద అదే 155 మి.మీ., 52 క్యాలిబర్ గొట్టం, బరువు 18 టన్నులు. యుక్రెయిన్‌లో బాగానే పనికొస్తోంది.

త్రిముల్గిరి_ఈఎంఈ
శాస్త్రిగారూ, సీజర్ మంచిదే, కాదనను. కానీ కాల్చేటోళ్లు కిందికి దిగి బయట నిలబడాలె. వజ్ర ఉక్కు 14.5 మి.మీ. తూటాని, దగ్గర్ల పేలిన గుండు పెంకుల్ని ఆపుతది, ట్యాంకు కొడితే మాత్రం ఆపదు. యుక్రెయిన్ అన్నరు గద, అక్కడ పోలండ్ క్రాబ్ తోపులు తిరుగుతున్నయ్. వాటి అడుగుభాగం ఈ కే9దే.

చాంగ్వాన్_తెలుగోడు
52 క్యాలిబర్ అంటే ఏంటని పిల్లోడు అడగబోతాడు, ముందే చెప్తున్నా. గొట్టం పొడవు 155 మి.మీ.కి 52 రెట్లు, 8 మీటర్ల పైమాట. బోఫోర్స్‌ది 39 రెట్లే. గొట్టం పొడవైతే మందు ఎక్కువసేపు తోస్తుంది, గుండు 40 కిలోమీటర్ల దాకా పోతుంది.

పాత_తోప్చీ
శాస్త్రిగారు ఒక్కమాట నిజమే అన్నారు, బరువు. వజ్రని మొదట ఎడారి కోసమే అనుకున్నారు. 2021లో లదాఖ్ ఎక్కించారు. అక్కడ గాలి పల్చన, గుండుకి అడ్డం తక్కువ, ఇంకా దూరం పోతుంది. లెక్కల పట్టీ చూసి సరిచేసుకోకపోతే గురి దాటిపోతుంది. చలికి గడ్డకట్టని నూనెలు, బ్యాటరీలు కూడా కావాలి. హెలికాప్టర్‌కి వేలాడదీసి మోయాల్సిన చోటికి ఎం777 అనే తేలిక ఫిరంగి ఉంది, నాలుగు టన్నుల పైచిలుకే.

మనవాళ్లు ఇలాంటిది చేసుకోలేదా అంటే చేసుకున్నారు. మా 130నే విజయంత ట్యాంకు అడుగు మీద కూర్చోబెట్టి కేటపుల్ట్ అన్నారు. తర్వాత అర్జున్ ట్యాంకు అడుగు మీద దక్షిణాఫ్రికా టరెట్ (పైన తిరిగే తలకాయ) పెట్టి భీమ్ మొదలెట్టారు, అది అటకెక్కింది. వజ్ర వచ్చేసరికి మా బ్యాచ్ అంతా ఇంటికొచ్చేశాం. నా ఎడమ చెవిలో జోరీగ మాత్రం 130 ఇచ్చిన బహుమానం, రాత్రిళ్లు బాగా వినబడుతుంది. ఆ రోజుల్లో చెవిలో దూదే.

ప్రొద్దుటూరు_పిల్లోడు
నాన్నకి అంతా చదివి వినిపించా. వెనక తలుపు దగ్గర ఒప్పుకున్నాడు. ఇప్పుడు కొత్తది మొదలెట్టాడు: "కనబడని చోట గుండు సరిగ్గా పడిందని వీళ్లకెవరు చెప్తారు?"

పాత_తోప్చీ
అది ఓపీ, అంటే అబ్జర్వేషన్ పోస్ట్ కథ. రేడియో పట్టుకుని కొండమీద పడుకునేవాడి కథ. ఇప్పుడు మోటారు వేసే టైమైంది, పొలం నుంచి వచ్చాక రాస్తా.