అట్టగోడ ఎందుకు పడుతోందో కోచ్‌కు తెలిస్తే చెప్పవచ్చా?

కొత్త కోచ్:
ఒడిస్సీ ఆఫ్ ద మైండ్ పోటీకి సిద్ధమవుతున్న ఒక జట్టుకు నేను ఈ ఏడాదే మొదటిసారి కోచ్‌గా ఉన్నాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదువుతున్న పిల్లలు ఏడుగురు. ఈ పోటీ తెలియని వారి కోసం క్లుప్తంగా చెబుతాను. ముందుగా ఇచ్చిన సమస్యకు పరిష్కారం ఆలోచించడం, కథ రాయడం, దుస్తులు, రంగాలంకరణ, యంత్రాలు తయారు చేయడం అన్నీ పిల్లలే చేసుకొని 8 నిమిషాల్లో ప్రదర్శించాలి. ఇందుకు 200 మార్కులు, అక్కడికక్కడే ఇచ్చే స్పాంటేనియస్ సమస్యకు 100, ప్రదర్శనకు మెరుగులు దిద్దే తీరుకు, అంటే స్టైల్‌కు 50 ఉంటాయి. జట్టులో లేని వారెవరూ పరిష్కారంలో వేలు పెట్టకూడదు. అలా పెడితే దాన్ని 'బయటి సహాయం' కింద లెక్కించి మార్కులు తగ్గిస్తారు.

మా పిల్లలు చేసిన అట్టగోడను చక్రాల మీద తిప్పినప్పుడల్లా అది ముందుకు పడిపోతోంది. పైభాగం బరువుగా ఉంది, కింది పీట ఇరుకుగా ఉంది. ఇది నాకు చూడగానే అర్థమైంది. 'ఎందుకు పడుతోంది?' అని ఒకసారి అడిగాను. నాలుగు రోజులైనా వాళ్లు చక్రాలనే మారుస్తున్నారు. 'పీట వెడల్పు గురించి ఆలోచించారా?' అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పోటీకి రెండు వారాలే ఉంది. ఆ ప్రశ్న అడగవచ్చా?

పాత జడ్జి:
అడగకూడదు. వాక్యం చివర ప్రశ్నార్థకం ఉన్నంత మాత్రాన అది ప్రశ్న అయిపోదు. జవాబు ఒక్కటే మిగిలేలా అడిగితే మీరు జవాబు చెప్పినట్లే. 'ఎందుకు పడుతోంది?' అన్నప్పుడు పిల్లల ముందు పది దారులున్నాయి. 'పీట వెడల్పు' అనగానే తొమ్మిది దారులు మూసుకుపోతాయి.

ప్రదర్శన ముగిశాక మేము పిల్లలతో మాట్లాడుతాం. 'ఇది ఇలా ఎందుకు చేశారు?' అంటే, తాము కనిపెట్టిన పిల్లలు ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ, ముందు ఏమేమి విఫలమయ్యాయో కూడా కలిపి చెబుతారు. పెద్దలు చెప్పగా చేసిన పిల్లలు ఒకే వాక్యం చెప్పి ఆగిపోతారు. ఇది నా అనుభవం మాత్రమే, దీన్ని బట్టి మార్కులు కోయము.

ఆరో తరగతి అమ్మ:
నియమం మంచిదే కావచ్చు, కానీ దాన్ని అందరూ ఒకేలా పాటిస్తున్నారని నమ్మమంటే నాకు కష్టంగా ఉంది. నిపుణులైన వడ్రంగి చేసినంత నున్నగా ఉన్న రంగాలంకరణను పన్నెండేళ్ల పిల్లలే చేశారని చెప్పి, సంతకాలు పెట్టి, వెళ్లిపోయిన జట్లను నేను చూశాను. నిజాయితీగా ఉన్న జట్టు అతుకులు కనిపిస్తాయి, మార్కులూ తక్కువే వస్తాయి. అలాంటప్పుడు నా బిడ్డ నాలుగు రోజులు చక్రాలతో కుస్తీ పడుతుంటే, కారణం తెలిసిన పెద్దమనిషి పక్కనే మౌనవ్రతం పట్టి కూర్చోవడం ఏ రకమైన చదువు? తరగతిలో ఉపాధ్యాయుడు ఇలా ఊరుకుంటే మనం ఊరుకుంటామా?

మూడు జట్ల కోచ్:
అమ్మగారి ఆవేదన నాకు అర్థమైంది, కానీ అది రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తోంది. ఇతరులు తప్పు చేస్తున్నారన్నది నిర్వాహకుల ముందు పెట్టవలసిన ఫిర్యాదు, మనమూ చేయడానికి అనుమతి కాదు. రెండవది మాత్రం గట్టి ప్రశ్న. కోచ్ మౌనంగా ఉండాలని నియమం ఎక్కడా చెప్పదు. కొలత తీసుకోవడం, అంచులు తెగకుండా అట్ట కోయడం, పనిముట్లు జాగ్రత్తగా పట్టుకోవడం, గొంతు చివరి వరుసదాకా వినిపించేలా మాట్లాడటం వంటి నైపుణ్యాలన్నీ నేర్పవచ్చు, ఆ పని తెలిసిన వారిని పిలిచి నేర్పించవచ్చు. ప్రమాదం కనిపిస్తే వెంటనే ఆపవచ్చు, ఆపి తీరాలి. మీ గోడ ఎవరి మీదైనా పడేలా ఉంటే 'ఇలా వాడటానికి వీల్లేదు' అని చెప్పండి, ఎలా సరిచేయాలో మాత్రం చెప్పకండి.

స్పాంటేనియస్ విషయంలో కోచ్‌కు ఉన్న స్వేచ్ఛను చాలామంది వాడుకోరు. ఆ రోజు వచ్చే సమస్య ఎవరికీ తెలియదు కనుక సాధనలో ఎంత విమర్శించినా, ఎన్ని ఉదాహరణలు చెప్పినా తప్పు కాదు. నేను వారానికి రెండుసార్లు కాగితాలు, స్ట్రాలు, టేపు ఇచ్చి ఎత్తైన నిర్మాణం కట్టించి, కూలిన ప్రతిసారీ ఎక్కడ కూలిందో అందరం కూర్చొని మాట్లాడుకుంటాం. వెడల్పైన అడుగు గురించి పిల్లలకు అక్కడే తెలిసిపోతుంది. తెలిసినదాన్ని తమ గోడకు అన్వయించుకోవడం వాళ్ల పని. 'ఇది కూడా దొడ్డిదారే కదా' అని ఎవరైనా అంటారని తెలుసు. మొదటి నెలలో చేస్తే కాదు. గోడ పడిన మర్నాడు అదే పాఠం పెడితే మాత్రం దొడ్డిదారే. పాఠం ఒకటే అయినా, దాన్ని ఎప్పుడు పెట్టారన్నదే తేడా. కొత్త కోచ్ గారూ, ఈ రెండు వారాలకు ఆ అవకాశం మీ చేయి దాటిపోయింది.

పాత జడ్జి:
ఆ తేడాతో నేను ఏకీభవిస్తున్నాను. పడిపోవడం గురించి ఒక మాట. ఈ పోటీలో రనాట్రా ఫస్కా అనే పురస్కారం ఉంది. అది ఒక నీటి పురుగు పేరు. దాని ఆకారంలో తయారైన తేలే వాహనం గమ్యం చేరకుండానే బోల్తా పడిందని, అయినా ఆ ఆలోచనలోని తెగువను గౌరవించడానికే పురస్కారానికి ఆ పేరు పెట్టారని ఇక్కడ చెప్పుకొంటారు. గెలుపుతో నిమిత్తం లేకుండా అసాధారణ సృజనకు దాన్ని ఇస్తారు. పడిన గోడకు ఎవరూ బహుమతి ఇవ్వరు, నిజమే. కానీ పడకుండా చేసింది పెద్దవారైతే ఆ నిలబడిన గోడలో మేము మెచ్చుకోవలసింది ఏమీ మిగలదు.

ఆరో తరగతి అమ్మ:
బోల్తా పడినా మెచ్చుకొనేవారు ఉంటే సంతోషమే. కానీ ప్రదర్శన మధ్యలో గోడ పడిపోయినప్పుడు మా పిల్ల కళ్లలో నీళ్లు చూడవలసింది నేను. కాలం గురించి చెప్పిన మాట మాత్రం ఒప్పుకొంటున్నాను. మొదటి నెలలోనే తల్లిదండ్రులకు ఈ విషయం వివరించి ఉంటే ఇంట్లో మేము నోరు జారకుండా జాగ్రత్తపడేవాళ్లం.

కొత్త కోచ్:
నిన్న జరిగింది రాస్తాను. నేను ఆ ప్రశ్న అడగలేదు. గోడను ఇద్దరు పిల్లలు వెనుక నుంచి పట్టుకోవాలని జట్టు తీర్మానించుకుంది. దానివల్ల కథలో రెండు పాత్రలు పోతాయి, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. సామాను సర్దుతుంటే జట్టు ఆలోచనలు రాసుకొనే పుస్తకం కనిపించింది. మూడో పేజీలో, జట్టులో అందరికన్నా తక్కువ మాట్లాడే అమ్మాయి చేతిరాతలో, 'కింద పెద్దగా చేస్తే?' అని ఉంది. ఆ రోజు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు 'మూడో పేజీ చూడండి' అంటే అది బయటి సహాయమా? ఆ ఆలోచన వాళ్లదే కదా!

మూడు జట్ల కోచ్:
ఆలోచన జట్టుదే. కానీ ఏడుగురి ఆలోచనల్లో సరైనది ఏదో ఎంచి చూపిన వేలు మీది. నేనైతే పేజీ పేరు ఎత్తను. పుస్తకం మొత్తం మొదటి నుంచి గట్టిగా చదవమని, ఎవరు రాసింది వాళ్లే చదవాలని చెబుతాను.

పాత జడ్జి:
ప్రతి వారం అలా చదివించే అలవాటు ముందే ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. నిన్న ఆ పేజీ చూసి, ఈ రోజే ఆ అలవాటు మొదలుపెడితే నాకు అనుమానం వస్తుంది. అయినా మార్కులు కోయడానికి నా చేయి రాదేమో. అమ్మాయి తన వాక్యం తానే చదివితే బాగుంటుంది.