ఫ్లమెంకో గిటార్‌లో మూడో తీగ మొద్దుగా మోగుతోంది

సైప్రస్ చెక్క గిటార్, స్కేల్ (తీగ మోగే పొడవు) 650 మి.మీ., 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ పట్టీ) దగ్గర తీగ ఎత్తు 3 మి.మీ. సన్న తీగల్లో ఇ, బి పర్వాలేదు. మూడోదైన జి మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు 'దబ్'మని ఆగిపోతోంది. 5వ ఫ్రెట్ దాటితే మరీ ఘోరం.

డడారియో కంపెనీ నైలాన్ తీగల్లో ఈజే45 నార్మల్ టెన్షన్ (మామూలు బిగువు) సెట్ తీసి ఈజే46 హార్డ్ (ఎక్కువ బిగువు) వేశాను. రెండు వారాలకి సాగడం తగ్గింది, మోత మారలేదు. ప్లాస్టిక్ శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) బదులు ఎముకది పెట్టించాను. ఇ తేటపడింది, జి అలాగే ఉంది. విశాఖ ఉక్క సంగతి తెలిసిందేగా, అదే కారణమేమోనని సిలికా జెల్ వేసి పది రోజులు కేసులో పెట్టాను. తేడా లేదు.

నైలాన్ కంటే కార్బన్ తీగ సన్నగా ఉండి పదునుగా మోగుతుందంటారు. ఇక్కడి షాపుల్లో విడిగా దొరకలేదు, ఆర్డర్ పెట్టాలి.

ఇ, బి నైలాన్‌వే ఉంచి జి ఒక్కటే కార్బన్ వేసినవాళ్లున్నారా, మూడింటి ధ్వని కలిసిందా?