అప్‌డేట్: రాయమంటే ఏడ్చే మా పాప ఇప్పుడు రాస్తోంది (విజయనగరం)

ఒకటో తరగతి చదివే మా పాప పెన్సిల్ పట్టుకోగానే చెయ్యి నొప్పని ఏడుస్తోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కి (రాయడం, పట్టుకోవడం లాంటి రోజువారీ పనులు నేర్పే చికిత్స నిపుణులు) చూపించాం. వేళ్లలో బలం తక్కువగా ఉండి పెన్సిల్‌ని పిడికిలితో బిగించి పట్టుకుంటోంది, అందుకే తొందరగా అలసిపోతోంది అన్నారు. కాపీరైటింగ్ (చూసి రాసే చేతిరాత సాధన) కొన్నాళ్లు ఆపించి, చపాతీ పిండి పిసకడం, దండెం మీద బట్టలకి క్లిప్పులు పెట్టడం, గోడకున్న బోర్డు మీద చిన్న సుద్దముక్కతో గీయడం చెప్పారు. ముక్క చిన్నదైతే పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్ల కొసలే వాడాలి. చెయ్యి నొప్పంటే బద్ధకం అనుకోకండి, దయచేసి ఒకసారి చూపించండి.

మీ సలహాల్లో బాగా పనిచేసింది ‘ఎవరో ఒకరు నిజంగా చదివేది రాయించండి’ అన్నది. పలాసలో ఉన్న అమ్మమ్మకి పోస్టుకార్డు రాయించాం. ‘అమ్మమ్మా జీడిపపు తే’, అంతే. ఒత్తు లేదు, నేను దిద్దలేదు. అమ్మమ్మ జవాబు రాసేసరికి దాని సంబరం చూడాలి! మొన్న సిరిమాను (మా ఊరి పైడితల్లి అమ్మవారి ఉత్సవంలో ఊరేగించే పొడవాటి మాను) బొమ్మ వేసి, ఆ ఉత్సవానికి మాతో ఎవరెవరు వచ్చారో కింద తనే రాసుకుంది.

కంటి పరీక్ష నార్మల్. ఎడమచేతి వాటానికీ ఈ చెయ్యి నొప్పికీ సంబంధం లేదన్నారు. ఖరీదైన పెన్సిల్ గ్రిప్పులు మాకైతే పనికిరాలేదు.