పాప అలవాట్లను బట్టి పూర్వజన్మ తెలుస్తదా?

మల్కాజిగిరి పిన్ని:
ఇంట్ల నాలుగేండ్ల పాప ఉంది. తలస్నానం అనంగనే వణుకుతది, టబ్బుల కాలు పెట్టదు. ఈ మధ్య "మా ఊరి చెరువు మస్తు పెద్దగుండె" అంటుంది. పోయిన జన్మల నీళ్లల్ల పడి పోయిందని పెద్దోళ్లు అంటున్నరు. హిప్నాటిజంతోని పోయిన జన్మ యాదికి తెప్పిస్తరట, ఆ రిగ్రెషన్ సెషన్‌కు తీస్కపొమ్మని ఒకరు, దిష్టి తీయమని ఇంకొకరు. అలవాట్లను బట్టి నిజంగ ఏమన్న తేలుతదా? ఏం రాసి పెట్టుకోవాలె?

కోఠీ పాతపుస్తకం:
సెషన్ మాట తర్వాత, ముందు ఒక నోట్‌బుక్ కొనండి. ఇలాంటి పిల్లల కేసులు అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో సైకియాట్రిస్ట్ ఇయాన్ స్టీవెన్సన్, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో సత్వంత్ పస్రీచా ఏళ్ల తరబడి పోగుచేశారు. సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్ల మధ్య మొదలై, ఐదు నుంచి ఎనిమిదేళ్ల లోపు ఈ మాటలు ఆగిపోతాయి. కాబట్టి ఆలస్యం వద్దు.

పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు పాప మాట, కుడివైపు అలవాటు. మాటను పాప అన్నట్టే రాయాలి, సరిదిద్దొద్దు. పక్కనే తేదీ, ఎవరెవరు ఉన్నారు, అంతకుముందు టీవీలో ఏం నడిచింది, నిమజ్జనానికి ట్యాంక్‌బండ్ వెళ్లొచ్చారా, అన్నీ. అలవాటుకైతే మొదట కనబడిన వయసు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఏ సందర్భంలో కనబడదు. ఈ చివరిదే అందరూ వదిలేస్తారు. తలస్నానానికి ఏడ్చే పిల్ల వానలో గంతులేస్తుంటే ఆ భయం నీళ్లది కాదు, కళ్లలో పడే షాంపూది కావచ్చు.

ప్రశ్నలు వేయకండి. "చెరువులో పడ్డావా?" అంటే ఆ వయసు పిల్ల ఔననే అంటుంది, మర్నాడు తన మాటగానే చెబుతుంది. "ఊఁ, తర్వాత?" చాలు.

కేసులు ఎక్కువగా పాడయ్యేది ఇంకోచోట. ఊరు వెతికి, ఆ కుటుంబాన్ని కలిసొచ్చాక రాస్తారు. రెండు ఇళ్లవాళ్లు మాట్లాడుకున్నాక ఏది ఎవరు చెప్పారో విడదీయలేం. ముందే రాసిపెట్టిన కేసులు స్టీవెన్సన్ సేకరణలోనూ కొద్దే. గతజన్మలో మధురలో ఉన్నానని చెప్పిన ఢిల్లీ బాలిక శాంతిదేవిని 1935లో ఒక కమిటీ మధుర తీసుకెళ్లింది కదా, అప్పటికే మధుర నుంచి ఆమె గతజన్మ భర్తగా చెప్పిన మనిషి ఢిల్లీ వచ్చి కలిసి వెళ్లాడు.

తార్నాక తర్కం:
పాత శాస్త్రగ్రంథాల పేరు చెప్పి భయపెట్టేవాళ్లకు ఒక మాట. పుట్టిన బిడ్డ నేర్పకుండానే పాలకు వెతుక్కుంటుంది, నవ్వుతుంది, జడుసుకుంటుంది. ఇది పూర్వాభ్యాసం, అంటే గతజన్మలో అయిన అలవాటు అని న్యాయదర్శనానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల మూడో అధ్యాయం వాదిస్తుంది. ఇనుము అయస్కాంతం వైపు పోయినట్టు ఇదీ స్వభావమే అనకూడదా అన్న ఆక్షేపణ కూడా అక్కడే ఉంది. ఇనుము అయస్కాంతం వైపే ఎందుకు పోతుంది, ఇంకోదాని వైపు ఎందుకు పోదు, దానికీ ఒక నియమం ఉండాలిగా అని జవాబు. ఆ జవాబు ఒప్పుకున్నా మానినా ఇది గమనించండి: పాలకు వెతుక్కోవడం ప్రతి బిడ్డకూ ఉన్నదే. జన్మ ఉందనడానికి అది వాదం, ఫలానా ఊళ్లో ఫలానా ఇల్లు అని చెప్పే ఆధారం కాదు.

పతంజలి యోగసూత్రం 3.18 సంస్కార సాక్షాత్కారం, అంటే మనసులో మిగిలిన పాత ముద్రలను నేరుగా చూడటం వల్ల పూర్వజన్మ జ్ఞానం అంటుంది. సంస్కారం మీద సంయమం, అంటే ధారణ, ధ్యానం, సమాధి మూడూ కుదిరిన యోగికి చెప్పిన మాటది. పక్కింటి అత్తయ్య పాపను చూసి తేల్చేది కాదు.

నీలోఫర్ దారి:
1990లో స్టీవెన్సన్ ప్రచురించిన లెక్క: గతజన్మ గుర్తుందన్న 387 మంది పిల్లల్లో 141 మందికి భయాలు, చాలావరకు చనిపోయిన తీరుకు సరిపోయేవి. పెద్ద సంఖ్యే. కానీ అలాంటి మాటలేవీ చెప్పని పిల్లల్లోనూ నీళ్ల భయం మామూలే. పక్కన ఆ లెక్క పెట్టకుండా దీన్ని రుజువనలేం.

రిగ్రెషన్ మాత్రం వద్దు, అందునా నాలుగేళ్ల పిల్లకు. కెనడాలో మనస్తత్వ శాస్త్రవేత్త నికొలస్ స్పానోస్ 1991లో ప్రచురించిన రిగ్రెషన్ ప్రయోగాల్లో, పాతకాలంలో పిల్లల్ని బాగా హింసించేవారని ముందే విన్నవాళ్లు తమ "గతజన్మ"లో అలాంటి హింస ఎక్కువ చెప్పారు. చెవిలో వేసిందే బయటికొచ్చింది.

జన్మ సంగతి ఏదైనా, భయం తగ్గించే పద్ధతి ఒకటే. మొదట ఖాళీ టబ్బు, అందులో బొమ్మలు. అది అలవాటయ్యాక అడుగున రెండు వేళ్ల లోతు గోరువెచ్చని నీళ్లు, పాదాలు మాత్రమే. తర్వాత మగ్గు పాప చేతికే ఇచ్చి భుజం మీద పోసుకోనివ్వండి. తల ఆఖర్న: నుదుటికి పొడి తువ్వాలు అడ్డం, తల వెనక్కి, షాంపూ కొంచెమే. ఏడిస్తే ఒక మెట్టు వెనక్కి రండి, పట్టుకుని పోయకండి. బలవంతంగా ఒక్కసారి పోస్తే మళ్లీ మొదటికొస్తుంది. నీళ్లున్నంతసేపూ పక్కనుంచి కదలొద్దు. భయం వల్ల నిద్ర, తిండి చెడితే పిల్లల డాక్టర్‌కు చూపించి, అవసరమైతే పిల్లల సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.

మల్కాజిగిరి పిన్ని:
మరి ఇన్నొద్దులు అన్న మాటలు? తేదీలు యాదికి లేవు.

కోఠీ పాతపుస్తకం:
నోట్‌బుక్ వెనక పేజీల్లో "జ్ఞాపకం మీద రాసింది" అని పైన పెట్టి రాయండి, విన్నవాళ్లు ఒకరి రాత ఒకరు చూడకుండా విడివిడిగా. ముందు పేజీల్లోకి మాత్రం తేకండి.