తిట్ల యాడ్లు చూశాక ఓటు వేయాలనిపించిందా, మానేయాలనిపించిందా? మీ అనుభవాలు చెప్పండి

కమ్మింగ్_కృష్ణ (జార్జియా)
అందరికీ నమస్కారం. మా ఆవిడకీ నాకూ 2024 మొదట్లో అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది. ప్రమాణం చేసి ఇంటికొచ్చిన రోజే ఇద్దరం ఓటరుగా రిజిస్టర్ చేసుకున్నాం. కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి ఓటరు కార్డు వస్తే మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద పిల్లల బొమ్మల పక్కన పెట్టుకుంది. అంత సంబరం.

అధ్యక్ష ఎన్నికల ప్రచారం జోరుగా ఉన్న అక్టోబర్ వచ్చేసరికి టీవీ పెట్టాలంటేనే భయం పట్టుకుంది. వార్తల మధ్య, ఫుట్‌బాల్ మధ్య, పిల్లల యూట్యూబ్ మధ్య ప్రత్యర్థిని తిట్టే అవే యాడ్లు. పోస్ట్‌బాక్స్ తెరిస్తే రోజూ నున్నటి కార్డుల కట్ట. ఒక కార్డు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. అభ్యర్థి నోరు తెరిచి అరుస్తున్న ఫోటో ఏరి, మొహానికి బూడిద రంగు పులిమి, కింద ఎర్ర అక్షరాలు. మా తొమ్మిదేళ్ల పాప అది చేతిలో పట్టుకుని "నాన్నా, వీళ్లని పోలీసులు పట్టుకున్నారా?" అని అడిగింది. మర్నాడు అవతలి పార్టీ అభ్యర్థి మీద కూడా అచ్చం అలాంటిదే వచ్చింది.

ఎర్లీ ఓటింగ్ (ఎన్నికల రోజుకి ముందే ఓటు వేసే వీలు) అక్టోబర్ 15న మొదలైంది. నేను రెండో వారంలో లైబ్రరీకి వెళ్లి వేసొచ్చాను. మా ఆవిడ రేపు, ఎల్లుండి అంటూ నవంబర్ 5 దాకా లాగింది. ఆ సాయంత్రం చెప్పింది: "ఈ చెప్పేవన్నీ నిజమైతే ఎవరికి వేసినా పాపమే. అబద్ధాలైతే, ఇన్ని అబద్ధాలు చెప్పేవాళ్లకి నేనెందుకు వేయాలి?" ఆమె వెళ్లలేదు. నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పట్నుంచీ మనసులో ముల్లులా ఉంది. మీ ఇళ్లల్లో ఏం జరిగింది?

నోవై_రమణ (మిషిగన్)
కృష్ణగారూ, మీ ఆవిడ మాట 2016లో నేనే అన్నాను. తేడా ఏంటంటే నేను బూత్ దాకా వెళ్లాను. బ్యాలెట్‌లో కింద ఉన్నవన్నీ నింపాను, స్కూల్ బోర్డుతో సహా. పైన అధ్యక్ష పదవి దగ్గర మాత్రం గడి నింపకుండా వదిలేశాను. ఆ ఏడాది ఇద్దరిలో ఎవరి మంచీ నా చెవిన పడలేదు. హిల్లరీ క్లింటన్ ఈమెయిళ్లు, ట్రంప్ టేపు, అంతే.

ఫలితం వచ్చాక తెలిసింది, మా రాష్ట్రంలో తేడా 10,704 ఓట్లు. అధ్యక్ష పదవి గడిని నాలాగే ఖాళీగా వదిలేసినవాళ్లు 75 వేల మంది దాకా ఉన్నారు. ఆ లెక్క చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. నా ఓటుతో ఎవరు గెలిచేవారన్నది కాదు నా బాధ. నిర్ణయం నా చేతిలో ఉన్న రోజున విసుగుతో దాన్ని ఎవరికో వదిలేశాను. 2020లో, 2024లో మానలేదు.

ఎడిసన్_శ్రీను (న్యూజెర్సీ)
మాకు ఆ బాధ లేదండి. అధ్యక్ష ఎన్నికల యాడ్ ఒక్కటైనా చూసినట్టు గుర్తులేదు. 1992 నుంచి న్యూజెర్సీ డెమొక్రాట్లకే వేస్తోంది కదా, ఇక్కడ డబ్బెవరు తగలేస్తారు? మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది "మన ఓటుతో పనేముంది" అనేవాళ్లే. తిట్లు లేకపోయినా ఉత్సాహం రాలేదు. తప్పంతా తిట్లదే అనుకోకండి.

డోర్‌నాక్_వాణి (పెన్సిల్వేనియా)
నాది వేరే అనుభవం. 2024లో ఆరు వారాంతాలు ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టాను. ఏ పార్టీ అన్నది ఇక్కడ వదిలేద్దాం. రెండు వైపులా ఇదే కథ.

నేను గమనించింది ఒకటి చెప్తాను. అభ్యర్థిని తిడితే జనం వింటారు, విసుక్కుంటారు, తలుపేసుకుంటారు. కానీ ఓటర్లనే ఒక మాట అంటే లేచి నిలబడతారు. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రోమ్నీ, ప్రభుత్వం మీద ఆధారపడే "47 శాతం" మంది ఎలాగూ ఒబామాకే వేస్తారు అన్న వీడియో బయటపడ్డాక ఏమైందో గుర్తుందిగా. 2016లో హిల్లరీ క్లింటన్ ట్రంప్ మద్దతుదారుల్లో సగం మందిని "డిప్లోరబుల్స్" (ఛీ అనదగ్గవాళ్లు) అంటే, వాళ్లు అదే మాట టీషర్టుల మీద అచ్చు వేయించుకుని తిరిగారు. 2024 అక్టోబర్ చివర్లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన ట్రంప్ సభలో ఒక కమెడియన్ అమెరికా పాలనలోని ప్యూర్టోరికోను చెత్త దీవి అన్నాడు. మా రాష్ట్రంలో అలెన్‌టౌన్ లాంటి ఊళ్లలో ప్యూర్టోరికన్లు చాలా మంది. తర్వాతి రోజుల్లో నేను తట్టిన తలుపుల దగ్గర అదే మాట. అప్పటిదాకా పలకనివాళ్లు కూడా బయటికొచ్చి మాట్లాడారు. రెండు రోజులు తిరక్కుండానే బైడెన్ నోట ట్రంప్ మద్దతుదారుల గురించి అదే "చెత్త" అన్న మాట వచ్చింది. తను అన్నది ఆ కమెడియన్ మాటల గురించేనని ఆయన సర్దిచెప్పుకున్నా అవతలి వైపు ఒప్పుకోలేదు. ట్రంప్ ఏకంగా చెత్త లారీ ఎక్కి ఫోటో దిగారు.

నాయకుడికి తగిలిన దెబ్బని జనం చూసి ఊరుకుంటారు. తమకి తగిలితే మాత్రం లెక్క రాసిపెట్టుకుంటారు.

మాస్టారు_డర్హమ్ (నార్త్ కరోలినా)
నేను కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్తాను కాబట్టి నాలుగు మాటలు. వాణిగారు చెప్పింది చాలా ముఖ్యమైన తేడా.

ఈ ప్రశ్న మీద పరిశోధకులు ముప్పై ఏళ్లకు పైగా వాదించుకుంటున్నారు. 1990లలో స్టీఫెన్ అన్సోలబెహెర్, శాంతో అయ్యంగార్ కాలిఫోర్నియాలో ప్రయోగాలు చేశారు. వార్తల మధ్యలో కొందరికి పొగిడే యాడ్, కొందరికి తిట్టే యాడ్ చూపించారు. తిట్టే యాడ్ చూసినవాళ్లలో ఓటు వేస్తామన్నవాళ్లు దాదాపు 5 శాతం తగ్గారు. ఏ పార్టీకీ చెందనివాళ్ల మీద దెబ్బ ఇంకా ఎక్కువ. 1988లో బుష్, డుకాకిస్ పోటీలో, డుకాకిస్ రాష్ట్రంలో సెలవు మీద జైలు నుంచి బయటికొచ్చి నేరం చేసిన హోర్టన్ అనే ఖైదీని చూపిన యాడ్ గొడవ జరిగిన ఏడాది, ఓటు వయసున్నవాళ్లలో సగం మందే ఓటేశారు. దాంతో ఆ వాదన జనం మనసుల్లో గట్టిగా నాటుకుంది.

తర్వాత 2007లో రిచర్డ్ లావ్, ఇంకో ఇద్దరు కలిసి వందకు పైగా అధ్యయనాలను ఒక్కచోట పెట్టి చూశారు. తిట్ల వల్ల మొత్తం ఓటింగ్ తగ్గుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. తిట్టినవాడు గెలుస్తాడనడానికీ దొరకలేదు. అయితే ప్రభుత్వం మీద నమ్మకం, తన ఓటుకి విలువ ఉందన్న భావం మాత్రం కొంచెం తగ్గుతున్నాయని తేలింది. కృష్ణగారి ఆవిడ అన్న మాట సరిగ్గా అదే కదా.

నాకు అన్నిటికన్నా నచ్చింది యానా క్రుప్నికోవ్ వాదన. తిట్టు ఎప్పుడు చెవిన పడిందన్నది చూడాలంటారు ఆమె. ఇంకా తేల్చుకోని దశలో వింటే అది కూడా ఒక సమాచారమే, తేల్చుకోవడానికి పనికొస్తుంది. ఒకరిని మనసులో అనుకున్న తర్వాత ఆ మనిషి గురించే చెడ్డగా వింటే అడుగు వెనక్కి పడుతుంది. కృష్ణగారూ, చిన్న ప్రశ్న: మీ ఆవిడ సెప్టెంబర్ నాటికే ఎవరికి వేయాలో అనుకున్నారా?

కమ్మింగ్_కృష్ణ (జార్జియా)
మాస్టారూ, ఇప్పుడే అడిగాను. అవునంది. ఆగస్టులోనే అనుకుందట. కమలా హ్యారిస్ వాళ్లమ్మది చెన్నై, ఇటు ఉషా వాన్స్ చిలుకూరి వారి అమ్మాయి. మా ఇంట్లో భోజనాల దగ్గర అదే చర్చ నడిచేది, మహా హుషారుగా ఉండేది. అక్టోబర్‌లో తను అనుకున్నవాళ్ల మీదే కార్డు మీద కార్డు వచ్చింది. "నేను తప్పు అనుకున్నానా అనిపించింది, కానీ అవతలివాళ్లకి వేయడానికీ చేతులు రాలేదు" అంది. ఈ మాట నాకు ఇప్పటిదాకా చెప్పలేదు.

చాండ్లర్_లక్ష్మి (అరిజోనా)
కృష్ణా, ఆ కార్డుల వెనక వైపు కింద చిన్న అక్షరాలు చూశారా? "ఏ అభ్యర్థి అనుమతీ లేదు" అని ఉంటుంది. అంటే అది అభ్యర్థి పంపింది కాదు, బయటి సంస్థలు అచ్చు వేసింది. 2010లో సుప్రీంకోర్టు సిటిజన్స్ యునైటెడ్ తీర్పు వచ్చాక సూపర్ ప్యాక్‌లు (అభ్యర్థితో కలవకుండా విడిగా ప్రచారానికి ఖర్చుపెట్టే సంస్థలు) పుట్టుకొచ్చాయి. ఎంత డబ్బైనా పోగుచేసి ఖర్చుపెట్టొచ్చు. అభ్యర్థి సొంత టీవీ, రేడియో యాడ్ అయితే "ఈ సందేశాన్ని నేను ఆమోదిస్తున్నాను" అని తన గొంతుతో చెప్పి తీరాలి. 2002 చట్టం పెట్టిన షరతు అది. బయటి సంస్థకి ఆ మొహమాటం లేదు. అందుకే తిట్లలో ఎక్కువ భాగం వాళ్లకే అప్పగిస్తారు. అభ్యర్థి చేతులకి బురద అంటదు.

ఇంకోటి. నేను ఫోన్లు చేసే పని చేశాను, తెలుగువాళ్ల ఇళ్లకి తెలుగులోనే. చేతికిచ్చిన కాగితంలో మొదటి వాక్యం ప్రత్యర్థి మీద విమర్శ. అది చదివితే "సరేనమ్మా, పొయ్యి మీద పప్పుంది" అని పెట్టేసేవాళ్లు. మూడో రోజు నుంచి అది మానేసి, "పిన్నిగారూ, ఏ రోజు వెళ్తున్నారు? కారులో ఎవరు తీసుకెళ్తారు? పోస్టులో వచ్చిన ఓటు కవర్ మీద సంతకం చేశారా?" అని అడగడం మొదలుపెట్టాను. ఒకావిడ పావుగంట మాట్లాడింది. అల్లుడు ఊళ్లో లేడు, ఓటు కవర్ వారాల నుంచి బల్ల మీదే ఉంది, సంతకం ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయింది. తిట్టు చూసి కాదు, గడి తెలియక. అలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో!

డోర్‌నాక్_వాణి (పెన్సిల్వేనియా)
లక్ష్మక్కా, వంద శాతం నిజం.

బెజవాడ_బాబాయ్ (విజయవాడ)
అమ్మాయిలూ, అబ్బాయిలూ, మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు కాబట్టి ఇది చదువుతున్నాను. తిట్లే ఓటింగ్‌ని చంపేస్తే 2024 మే 13న ఆంధ్రలో బూత్‌లు ఖాళీగా ఉండాలి. మన ప్రచారంలో మాట్లాడని మాట ఏదన్నా మిగిలిందా? అయినా 81 శాతం దాటింది. కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటాక కూడా లైన్లు ఉన్నాయి. అమెరికా నుంచి టికెట్లు పెట్టుకుని వచ్చి ఓటేసినవాళ్లని నేనే చూశాను. మీ దగ్గర 2020లో 66 శాతం వస్తే వందేళ్లకు పైగా అంత రాలేదని చెప్పుకున్నారు.

తేడా ఎక్కడుందంటే, ఇక్కడ బూత్ వీధి చివరే. ఓటరు చీటీ ఇంటికొచ్చి ఇస్తారు. ఆ రోజు సెలవు. అక్కడ మంగళవారం పనిరోజు, రిజిస్ట్రేషన్ మన బాధ్యతే. దారి సులువుగా ఉంటే తిట్లు విన్నవాడు కూడా వెళ్తాడు. కష్టంగా ఉంటే తిట్టు ఒక సాకు అవుతుంది.

మాస్టారు_డర్హమ్ (నార్త్ కరోలినా)
బాబాయ్‌గారూ, ఈ కోణం మా క్లాసులో చెప్తాను. ఒక్క మాట కలుపుతాను. 2020లో పోటీ కూడా తీవ్రం, పోస్టు ద్వారా ఓటు చాలా రాష్ట్రాల్లో తేలికైంది. 2024లోనూ దేశం మొత్తం మీద 64 శాతం దగ్గరే నిలిచింది. ద్వేషం వల్ల కూడా జనం కదులుతారు, అది కాదనలేం. నాకు దిగులు వాళ్ల గురించి కాదు, మధ్యలో ఉన్నవాళ్ల గురించి.

నోవై_రమణ (మిషిగన్)
కృష్ణగారూ, పనికొచ్చే విషయం ఒకటి. మీరు ఎవరికి వేశారన్నది రహస్యం, కానీ ఓటు వేశారా లేదా అన్నది పబ్లిక్ రికార్డు. పార్టీలు ఆ జాబితా రోజూ తెచ్చుకుని, వేసినవాళ్ల పేర్లు తమ లిస్టులోంచి తీసేస్తాయి. ముందే ఓటు వేస్తే నాలుగైదు రోజుల్లో ఫోన్లు, తలుపు తట్టడాలు బాగా తగ్గిపోతాయి. టీవీ తగ్గదు. 2024లో మొదటి వారంలోనే వేసి ఆ టెన్షన్ వదిలించుకున్నాను. తర్వాత వచ్చిన కార్డులు చదవకుండానే రీసైక్లింగ్‌లో పడేశాను.

కమ్మింగ్_కృష్ణ (జార్జియా)
రమణగారూ, ఇదే మాకు కావాల్సింది. 2026 నవంబర్‌లో మాకు సెనేట్, గవర్నర్ రెండూ ఉన్నాయి. మళ్లీ వరద తప్పదు. ఈ థ్రెడ్ అంతా మా ఆవిడకి చదివి వినిపించాను. బాబాయ్‌గారి దగ్గర ఆగి, "అమ్మ కూడా ఆ ఎండలో నాలుగు గంటలు నిలబడింది" అంది. తర్వాత ఫోన్ తీసి జార్జియా ఓటరు పేజీలో తన పేరు వెతుక్కుంది. పాత అపార్ట్‌మెంట్ అడ్రసే ఉంది. మేం ఇల్లు మారి ఏడు నెలలైంది, కౌంటీ అదే. ఇప్పుడు మార్చుకుంటే సరిపోతుందా, లేక మొదటి నుంచీ రిజిస్టర్ చేసుకోవాలా?

చాండ్లర్_లక్ష్మి (అరిజోనా)
కొత్తగా అక్కర్లేదు, అడ్రస్ మార్పు చాలు. ఆ పేజీలోనే డ్రైవర్ లైసెన్స్ నంబర్‌తో చేసుకోవచ్చు. ముందు లైసెన్స్ మీద కొత్త అడ్రస్ ఉందో లేదో చూడమనండి. కొత్త ఓటరు కార్డు వచ్చాక అందులో బూత్ పేరు మారిందేమో కూడా చూసుకోమనండి.