సమస్యాపూరణం: "నల్ల కన్నీరు తెల్లని నగవు దెచ్చె"

నిర్వాహకుడు:
మిత్రులారా, ఈ వారం సమస్య ఇదే. నాలుగు రోజులుగా నా చెవిలో ఒకే పాట మోగుతోంది. క్యూబాలోని శాంటియాగోకు చెందిన మిగెల్ మతమోరోస్ రాసి, బాణీ కట్టి, తన ముగ్గురి బృందంతో పాడిన "లాగ్రిమాస్ నెగ్రాస్". నల్ల కన్నీళ్లు అని అర్థం. పాదం అక్కడి నుంచే పుట్టింది కాబట్టి పూరణ కూడా ఆయన చుట్టూనే తిరగాలి. కాటుక కరిగి కన్నీరు నల్లబడిందని మాత్రం రాయకండి. అది అందరికీ మొదట తట్టేదే.

ఆధారానికి కొంచెం చెబుతాను. ఆయన పుట్టింది 1894లో. కొన్నాళ్లు కారు డ్రైవరుగా పనిచేశాడు. 1925 మే 8న, తన పుట్టినరోజు నాడు, సీరో రోడ్రిగెస్, రఫాయెల్ క్వేటోలతో కలిసి పాడాడు. ఆ ముగ్గురూ 35 ఏళ్లు విడిపోలేదు. 1928లో విక్టర్ కంపెనీకి తొలి రికార్డులు ఇచ్చారు.

మంజీర:
పరుల యూరిలో పొరుగింట పడతి యేడ్వ
విన్న మతమోరు గుండెలో వెలసె పాట
ముగ్గురొకటిగ పాడగా మురిసె జగము
నల్ల కన్నీరు తెల్లని నగవు దెచ్చె

1930లో వాళ్లు డొమినికన్ రిపబ్లిక్‌లోని శాంటో డొమింగోలో బస చేసినప్పుడు, తోడున్నవాడు వదిలేసి పోయాడని ఒకామె ఏడుస్తుంటే మిగెల్ చెవిన పడిందట. ఆ ఏడుపే పాటయిందని చెబుతారు. నేను దాన్నే పట్టుకున్నాను.

గణపరీక్ష:
ధార బాగుంది మంజీర గారూ. కానీ "మతమోరు" ఏమిటి? గణం కోసం మనిషి పేరు తోక కోసేస్తారా?

మంజీర:
త్యాగరాజును త్యాగయ్య అన్నాం, అన్నమాచార్యుణ్ణి అన్నమయ్య అన్నాం. ఇష్టమైనవాళ్ల పేరు మన నోటికి తగ్గట్టు కుదించుకుంటాం కదా.

గణపరీక్ష:
అది జనం నోట నలిగి కుదిరిన పేరు, మీరు ఒక్క పూటలో కోసిన పేరు. "విన్న మిగెలుకు గుండెలో వెలసె పాట" అనండి. గణం చెడదు, మనిషీ దక్కుతాడు.

మంజీర:
ఇది నిజంగా బాగుంది. మార్చుకుంటున్నాను.

పాలపిట్ట:
కారు తోలెడి చేతులె కలికి తీగ
మీటె, గాయకు లెచట జన్మించి రనుచు
ప్రశ్న వేసిన పాపకే పాట దక్కె
నల్ల కన్నీరు తెల్లని నగవు దెచ్చె

గణపరీక్ష:
రెండో పాదంలో యతి తప్పింది. "మీ"కి ఎదురుగా "న్మిం" ఉంది. పాలపిట్ట గారికి ఇది కొత్త కాదు. "చీమ తుమ్మిన చప్పుడు చెవులు చీల్చె" సమస్యకు చీమను మైకు మీద కూర్చోబెట్టినప్పుడు కూడా మూడో పాదంలో యతి జారింది.

పాలపిట్ట:
జారలేదు, అప్పుడూ నిలబడింది, ఇప్పుడూ నిలబడింది. సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి చెల్లుతుంది. "న్మిం"లో మకారం ఉందా లేదా? పైగా "మీ"కి సరిపోయే స్వరం కూడా ఉంది. మైకు పూరణకు మీరు ఇంతవరకూ జవాబు ఇవ్వలేదని కూడా గుర్తుచేస్తున్నాను.

కృష్ణాతీరం:
యతి విషయంలో పాలపిట్ట గారిదే న్యాయం. "జన్మించి" మీద యతి వేయడం తెగువే, నాకు నచ్చింది.

నిర్వాహకుడు:
యతి చెల్లింది. అన్వయమే చెల్లలేదు. పాప అడిగిన ప్రశ్న మిగెల్‌దే అయిన "సోన్ దె లా లోమా" అనే మరో పాటలోది, కన్నీళ్లు వేరే పాటలోవి. మూడో పాదం నుంచి నాలుగో పాదానికి మెట్టు లేదు.

పాలపిట్ట:
ఒప్పుకుంటాను. అసలు నేను రాయాలనుకున్నది శ్లేష. స్పానిష్‌లో "సోన్" అంటే "వాళ్లు ఫలానావాళ్లు" అని చెప్పే క్రియ, అదే మాట అక్కడి పాటల రీతికి పేరు. కాబట్టి ఆ పాట పేరును "వాళ్లు కొండవాళ్లు" అనీ చదవొచ్చు, "కొండ మీది సోన్" అనీ చదవొచ్చు. ఈ గాయకులు ఎక్కడివాళ్లమ్మా అని బిడ్డ అడిగితే ఒక్క మాటలో రెండు జవాబులు. మన అవధానుల సభలో పడితే ఈ పాదానికి చప్పట్లు ఆగవు. రెండు రోజులు తన్నుకున్నా తెలుగులోకి రాలేదు.

కృష్ణాతీరం:
రాదు కూడా. అది ఆ భాష సొత్తు. నా ప్రయత్నం చూడండి.

లక్క పళ్లెరమున సూది లయగ తిరుగ
నాటి వగపెల్ల గీతలై నలుపు దేరె
వినెడి వారికి గుండెలో వెలుగు నింప
నల్ల కన్నీరు తెల్లని నగవు దెచ్చె

నలుపు కంటిది కాదు, రికార్డుది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నాటి రికార్డు పళ్లేల్లో లక్క ఉండేది. ఆ లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే పోయేది. మిగెల్ గొంతు నిలిచిన గీతల్లో మన అడవి చెట్ల మీది లక్క కొంచెమైనా ఉండి ఉంటుందని ఊహించుకుంటే ఒళ్లు పులకరించింది.

మంజీర:
"వగపెల్ల గీతలై" దగ్గర ఆగిపోయాను. ఇంకేం చెప్పను.

పాలపిట్ట:
అద్భుతం అన్నయ్యా. పద్యంలో మైకు పనికిరాదని నన్ను ఆనాడు ఆపిన గణపరీక్ష గారు ఈ సూదిని ఏమంటారో వినాలి.

గణపరీక్ష:
మైకు అక్కడ అతుకు. ఈ సూది లేకపోతే పద్యమే లేదు, అదీ తేడా. బాగుంది కృష్ణాతీరం గారూ. అయితే మీరందరూ పాట కథ చెప్పారు, పాట నడక వదిలేశారు. ఒకసారి వినండి. మొదటి సగం బొలెరో, అంటే నిదానమైన ప్రేమ పాటల రీతి, మెల్లగా మూలుగుతుంది. సగంలో సోన్ అందుకుంటుంది. క్వేటో గిటారు ఊపు మారుతుంది, సీరో రెండో గొంతు మిగెల్ గొంతును పట్టుకుని పైకి లేస్తుంది. అదే దుఃఖం, కాలు మాత్రం ఆగదు. సమస్యకు జవాబు ఆ మలుపులోనే ఉంది.

మొదట బొలెరోగ మెల్లగా మూల్గె తంత్రి
నడుమ సోనయి యడుగులు నాట్యమాడె
ఏడ్చి యేడ్చియె నవ్విరి యెల్లవారు
నల్ల కన్నీరు తెల్లని నగవు దెచ్చె

పాలపిట్ట:
గణపరీక్ష గారూ, ఈ పద్యానికి నా దండం. మూడో పాదం చదివాక పాట మళ్లీ పెట్టుకున్నాను. మీరన్న చోటే నా కాలు కదిలింది.

కృష్ణాతీరం:
1945లో ఈయన బృందంతో మెక్సికో వెళ్లిన కుర్రాడు బెనీ మొరే అక్కడే ఉండిపోయి ఎంత పెద్ద గాయకుడయ్యాడో అందరికీ తెలుసు. వచ్చే వారం ఆయన మీద ఇవ్వండి.

నిర్వాహకుడు:
ఇస్తాను. ఈ వారానికి నా ఓటు గణపరీక్ష గారి పూరణకే. లక్క పళ్లేన్ని దాటడం తేలిక కాదు, రాత్రంతా రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. "నడుమ" అన్న ఒక్క మాట పాటను పద్యంలోకి తెచ్చింది. మంజీర గారూ, "మిగెలుకు" అని సరిచేసిన పద్యం మళ్లీ ఒకసారి పెట్టండి, సంకలనంలో అదే చేరుస్తాను.