రాతి చెల్కలో కడీలు పాతడం: అడుగు లోతు సరిపోతుందా?

ప్రశ్న (ధర్మసాగర్ చెల్క):

సభ్యులందరికీ నమస్కారం. హనుమకొండ జిల్లా ధర్మసాగర్ మండలంలో మాకు 2 ఎకరాల చెల్క (ఎర్రమట్టి మెట్ట పొలం) ఉంది. పొడవు 396 అడుగులు, వెడల్పు 220 అడుగులు కాబట్టి చుట్టుకొలత 1,232 అడుగులు వస్తుంది. రెండేళ్లుగా అడవి పందులు మక్కజొన్నను మిగలనివ్వడం లేదు. అందుకే చుట్టూ చైన్‌లింక్ జాలి వేయాలని నిర్ణయించుకుని, 8 అడుగులకు ఒకటి చొప్పున 154 సిమెంటు కడీలు (కంచె స్తంభాలు) తెప్పించాం. ఒక్కో కడీ 7 అడుగులు. అందులో 2 అడుగులు భూమిలోకి, 5 అడుగులు పైకి అన్నది మా లెక్క.

ట్రాక్టరుకు బిగించే గుంతల యంత్రంతో మూడు వైపులా పని సాఫీగానే సాగింది. గుట్ట వైపున్న 396 అడుగుల గెట్టు మీదికి వచ్చేసరికి యంత్రం కీచుమని అరుస్తూ ఉన్నచోటనే తిరగసాగింది. మధ్యాహ్నానికి దాని పళ్లు రెండు విరిగాయి. ఆ వరుసలో తీయవలసిన 49 గుంతల్లో 31 గుంతలు ఎనిమిది అంగుళాలకో, అడుగుకో ఆగిపోయాయి. పైగా వాయవ్య మూలన, సర్వే హద్దురాయి పక్కనే, మూల కడీ పాతవలసిన చోట మట్టే లేదు. బండ పైకి తేలి ఉంది.

అడుగు లోతులోనే కడీలు నిలబెట్టి చుట్టూ కాంక్రీటు పోస్తే చాలునని గుత్తేదారు అంటున్నాడు. మా బాపు మాత్రం మొదటి ముసురుకే అవన్నీ వరుసగా ఒరుగుతాయని, డబ్బులు ఇవ్వవద్దని పట్టుబట్టి కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట సరైనది? పేలుళ్ల జోలికి పోకుండా ఆ బండ మీద కడీ నిలబెట్టే మార్గం ఏదైనా ఉందా?

జవాబు 1 (రఘునాథపల్లి రైతు):

మీ బాపు మాట వినండి. నాలుగేళ్ల క్రితం నేను మీ గుత్తేదారు చెప్పిన పద్ధతిలోనే చేసి, రెండో వానాకాలానికి పదకొండు కడీలను మళ్లీ నిలబెట్టవలసి వచ్చింది.

అయితే ముందుగా ఒక పని చేయాలి. రాయి తగిలిందని అందరూ అంటారు గాని, ఏ రాయి తగిలిందో ఎవరూ చూడరు. ఆగిపోయిన 31 గుంతల దగ్గరికీ గడ్డపార పట్టుకుని మీరే స్వయంగా వెళ్లండి, కూలీలను పంపకండి. గుంత అడుగున గట్టిగా ఒక పోటు వేసినప్పుడు పార మొన రెండు వేళ్ల మందం దిగి, ఎర్రటి పలుకులు పైకి లేస్తే అది మొరం, అంటే గట్టిపడిన గరుసు నేల. పోటుకు బొంగురు చప్పుడు వచ్చి, జానెడు పక్కన పొడిస్తే చప్పుడు మారితే అది మట్టిలో కూరుకుపోయిన గుండు. పార ఎగిరిపడి, అరచేయి నుంచి మోచేతి దాకా జివ్వుమని, రాయి మీద తెల్లటి చుక్క మాత్రమే పడి, రెండు మూడు అడుగుల మేర ఎక్కడ కొట్టినా అదే ఖంగుమనే చప్పుడు వస్తే అది పరుపుబండ. ఒక్కో గుంత దగ్గర మొ, గు, ప అని సున్నంతో రాసి పెట్టుకోండి. నా చెల్కలో యంత్రం వదిలేసిన గుంతల్లో సగానికి పైగా మొరమే తేలింది.

మొరానికి మందు నీళ్లే. సాయంత్రం గుంతకు రెండు బకెట్లు పోసి వదిలేస్తే తెల్లవారేసరికి అర అడుగు మేర మెత్తబడుతుంది. ఆ మేరకు తవ్వి మళ్లీ పోయాలి. మూడు రోజుల్లో రెండు అడుగులు దిగుతుంది. వేసవిలో ఇనుములా ఉండే ఆ మొరమే వానలు వెనుకబట్టిన కార్తీకంలో సగం కష్టంతో లొంగుతుంది కాబట్టి తొందర లేకుంటే అప్పటిదాకా ఆగినా నష్టం లేదు.

గుండు తగిలిన చోట దానితో పోట్లాడవద్దు. 8 అడుగుల దూరం దేవుడు చెప్పిన లెక్క కాదు. దారం కట్టిన గీత మీదనే ముందుకో వెనక్కో జరిగి, 6 అడుగులకు ఒకటి, 9 అడుగులకు ఒకటి వచ్చినా జాలికి పట్టింపు లేదు. గీత దాటి పక్కకు మాత్రం జరపకూడదు. వరుస వంకర పోతే జాలి లాగినప్పుడు వంపు దగ్గరి కడీ మీదనే బరువంతా పడుతుంది.

పరుపుబండ సంగతి నాకు అంతగా తెలియదు, తెలిసినవారు చెబుతారు. ఇంకొక మాట. పందుల కోసమే కదా, తీగకు కరెంటు ఇస్తే సరిపోతుంది కదా అని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం నేరం; రాత్రిపూట నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్క రైతు దాన్ని తాకితే ప్రాణమే పోతుంది.

జవాబు 2 (విశ్రాంత సివిల్ ఇంజనీరు, హనుమకొండ):

పై సభ్యులు చెప్పిన పరీక్ష చాలా సరైనది. అడుగు లోతు సరిపోతుందా అన్న ప్రశ్నకు అవుననీ కాదనీ రెండు విధాలా జవాబు చెప్పవచ్చు, ఎందుకంటే ఆ అడుగు దేనిలో ఉన్నదన్నదే ఇక్కడ ముఖ్యం. కడీని పడదోసేది దాని బరువు కాదు. జాలి లాగుడు, గాలి, పంది గుద్దు వంటి పక్కతోపు. ఆ తోపును కడీ తన చుట్టూ ఉన్న నేలకు అప్పగిస్తుంది. గట్టి బండలోకి అడుగు దిగి, సిమెంటుతో బిగిసిన చువ్వ రెండు అడుగుల మెత్తటి మట్టిలోని కడీ కంటే బలంగా నిలుస్తుంది. మీ గుత్తేదారు చెప్పిన దానిలో ఉన్నది వేరు: బండకు పైన ఉన్న అడుగు మట్టిలో ఒక కాంక్రీటు ముద్ద తయారవుతుంది గాని, ఆ ముద్దకూ బండకూ పట్టు ఉండదు. ముసురు పట్టి చుట్టూ ఉన్న మట్టి నానగానే ముద్దా కడీ కలిసే ఒరుగుతాయి.

కాబట్టి ఆ ముద్దను బండకు కట్టివేయాలి. అడుగు లోతున బండ తగిలిన గుంతల్లో మీరు కొన్న సిమెంటు కడీలనే వాడుకోవచ్చు. గుంతను అడుగున్నర వెడల్పు చేసి, అడుగున ఉన్న బండను కడిగి, కడీ నిలబడే చోటుకు చెరో పక్కన 25 మి.మీ. వెడల్పు, 10 అంగుళాల లోతు ఉన్న రంధ్రాలు వేయించండి. కంప్రెసర్ ట్రాక్టరు వాళ్లు ఒక్కపూటలో ఇలాంటివి డజన్ల కొద్దీ వేస్తారు. వాటిలో 12 మి.మీ. చువ్వలను సిమెంటుతో బిగించి, అడుగు మేర పైకి వదలండి. ఆ రెండు చువ్వల మధ్య కడీని నిలబెట్టి, ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్ల ఇసుక, నాలుగు పాళ్ల కంకర కలిపిన కాంక్రీటు నింపండి. కాంక్రీటు నేల మట్టానికి రెండు అంగుళాలు పైకి వచ్చి, నలువైపులా వాలుగా ఉండాలి. లేకుంటే కడీ మొదట్లో నీళ్లు నిలుస్తాయి.

మట్టి లేని బండ మీద సిమెంటు కడీతో పని లేదు. అక్కడ 50×50×6 మి.మీ. ఇనుప యాంగిల్ (L ఆకారపు కడ్డీ) వాడండి. బండలో 38 మి.మీ. రంధ్రం అడుగు లోతుకు వేసి, 20 మి.మీ. చువ్వను సిమెంటుతో బిగించి, పైన రెండు అడుగుల మేర యాంగిల్‌ను దానికి వెల్డింగు చేయించాలి. వెల్డింగు చేసిన చోట రంగు వేయడం మరువకండి.

ఈ మొత్తం పనిలో చెడిపోయేది ఎప్పుడూ ఒకే చోట, రంధ్రం శుభ్రం చేయడంలో. రాయిని తొలిచినప్పుడు బూడిద లాంటి పొడి గోడలకు అంటుకుని ఉంటుంది. దాని మీద పోసిన సిమెంటు ఆ పొడిని పట్టుకుంటుంది, రాయిని పట్టుకోదు. సైకిల్ పంపుకు సన్నని గొట్టం తగిలించి, గొట్టాన్ని రంధ్రం అడుగు దాకా దించి గాలి కొట్టండి, తరువాత నీళ్లతో కడగండి, మళ్లీ గాలి కొట్టండి. పైకి వచ్చే నీరు తేటగా ఉండేదాకా ఇది ఆపకూడదు. తరువాత సిమెంటూ జల్లించిన ఇసుకా సమపాళ్లలో చిక్కగా కలిపి, ముందు రంధ్రంలో సగం పోసి, చువ్వను తిప్పుతూ దించాలి. చువ్వ పెట్టి పైనుంచి పోస్తే అడుగున గాలి మిగిలిపోతుంది.

మూల కడీ గురించి మీరు ఒక్క వాక్యంలో అడిగారు గాని, నా దృష్టిలో మిగిలిన 48 కడీల కంటే అదే ముఖ్యం. రెండు వైపుల జాలి లాగుడూ దాని మీదనే పడుతుంది. అక్కడ 8 మి.మీ. మందం ఉన్న ఇనుప పలకను నాలుగు బోల్టులతో బండకు బిగించి, దానిపై నిలువు యాంగిల్‌ను, రెండు వరుసల దిశలోనూ ఏటవాలుగా ఒక్కొక్క ఊత యాంగిల్‌ను వెల్డింగు చేయించండి. ఊతల కాళ్లు కూడా బండలో బిగిసి ఉండాలి. నడి వరుసలో సుమారు పది కడీలకు ఒక చోట ఇలాగే ఊతలు ఇవ్వండి. గోనె సంచులు కప్పి వారం రోజులు తడపండి; ఆ వారం లోపల జాలి లాగవద్దు, రెండు వారాలు ఆగితే మరీ మంచిది.

జవాబు 3 (పరకాల వాసి):

హద్దురాయి పక్కనే అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. రంధ్రాలు వేసేటప్పుడు సర్వే రాయిని పీకడం గాని, జరపడం గాని చేయకండి. అది చట్టరీత్యా నేరం. మూల కడీని అడుగు లోపలికి, మీ భూమిలోనే వేసుకోండి. అడుగు నేల పోయినా గెట్టు పంచాయితీ రాదు.

జవాబు 4 (హుస్నాబాద్ పాత కాపు):

ఇంజనీరు గారి మాటను నేను కాదనను, కానీ మొరం గుంతలకు కూడా కాంక్రీటు పోస్తే అది దండుగ. గుంతలోంచి తీసిన రాళ్లే అక్కడ సిమెంటు. జాలి లాగుడుకు కడీ పైభాగం లాగుడు వైపు వంగితే, అడుగు భాగం ఎదురు వైపు తన్నుతుంది. కనుక గుంత అడుగున లాగుడుకు ఎదురు వైపున ఒక పెద్ద రాయి, నేల మట్టానికి కాస్త కింద లాగుడు వైపున ఇంకొక పెద్ద రాయి చెక్కలా దిగేయాలి. మిగిలిన సందుల్లో చిన్న రాళ్లు, మొరం అర అడుగుకు ఒక వరుసగా పోసి గడ్డపార మడమతో కూరాలి. ఒక్కసారిగా నింపి పైన తొక్కితే కింద బోలుగా ఉండిపోతుంది. మా పొలంలో మా తాత పాతించిన రాతి కడీలు ఇలాగే, చిటికెడు సిమెంటు లేకుండా నేటికీ నిటారుగా ఉన్నాయి.

బండ మీద కట్టెలు పేర్చి రాత్రంతా మంట పెట్టి, తెల్లవారి చన్నీళ్లు కొట్టి పగలగొట్టే పాత పద్ధతిని ఎవరైనా మీకు చెప్పవచ్చు. రాయి పొరలుగా లేవడం నిజమే. అయితే అది రాయి తీసుకోవడానికి పనికివస్తుంది గాని కడీ పాతడానికి కాదు. పగులు మనం కోరిన చోట ఆగదు, పగిలిన బండలో చువ్వ నిలవదు. గుంతకు అడ్డం వచ్చిన గుండును తీయక తప్పకపోతే వడ్డెర మేస్త్రీని పిలవండి. రాయి జాడ చూసి వరుసగా నాలుగు చీలలు దిగేసి, సమ్మెటతో ఒకదాని తరువాత ఒకటి కొడుతూ పోతే, చప్పుడు మారిన మరుక్షణం గుండు రెండుగా విడిపోతుంది. చూడవలసిన పని అది.

జాలి కిందిభాగం గురించి ఎవరూ రాయలేదు. బండ ఎగుడుదిగుడుగా ఉన్న చోట జాలికీ నేలకూ మధ్య జానెడు సందు మిగులుతుంది. పందికి అంత చాలు, మూతి పెట్టి ఎత్తేస్తుంది. అక్కడ కింద ఒక తీగ లాగి, బండకు కొక్కేలు దిగేసి దానికి కట్టండి, లేదా ఆ మేర రాళ్లతో అడుగు ఎత్తు కట్ట పేర్చండి. గుట్ట వైపు అన్నారు కాబట్టి ఒర్రె (చిన్న వాగు) ఏదైనా గెట్టును దాటుతుంటే, దానికి అడ్డంగా జాలిని బిగించకండి. వరద తెచ్చిన చెత్త పట్టుకుని, ఎంత బలమైన కడీనైనా లాగేస్తుంది. అంతమేర విడి జాలి ముక్కను పైతీగకు వేలాడదీసి, కింద రాళ్లు కట్టి వదలండి.

ధర్మసాగర్ చెల్క (ఏడు వారాల తరువాత):

అందరికీ కృతజ్ఞతలు. గడ్డపారతో చూస్తే 31 గుంతల్లో 17 మొరం, 6 గుండ్లు, 8 పరుపుబండ అని తేలింది. మొరం గుంతలకు నీళ్లు పోసి తవ్వించి, రాళ్లతో కూరించాం. గుండ్ల దగ్గర కడీలను గీత మీదనే జరిపాం; ఒక్కచోట మాత్రం జరపడానికి వీలులేక మేస్త్రీని పిలిచాం, మా బాపు కుర్చీ వేసుకుని కూర్చుని మరీ చూశాడు. బండ మీద ఎనిమిదింటికీ చువ్వలు బిగించి, సిమెంటు కడీలకు బదులు యాంగిళ్లే నిలబెట్టాం; మూల కడీని అడుగు లోపలికి జరిపి ఊతలు ఇచ్చాం. గుత్తేదారు మధ్యలోనే మానుకున్నాడు.

జాలి లాగిన నాడు బండ మీది ఎనిమిదింటిలో ఒక యాంగిల్ చేత్తో ఊపితే కదిలింది. ఆ రంధ్రం వేసిన పూట సైకిల్ పంపు ఇంటి దగ్గర మరిచిపోయి, నోటితో ఊది సరిపెట్టాం. దాన్ని ఏం చేయాలి?

విశ్రాంత సివిల్ ఇంజనీరు, హనుమకొండ:

పైన సిమెంటు పూసి సరిపెట్టవద్దు. ఆ కడీ దగ్గర జాలి కట్లు విప్పి, యాంగిల్‌ను తిప్పి లాగితే చువ్వతో సహా ఊడి వస్తుంది. పాత సిమెంటును అదే రంధ్రంలో మళ్లీ తొలిపించి, కడిగి, గాలి కొట్టి, చువ్వకు అంటిన పొడిని తీగ బ్రష్షుతో రుద్ది, కొత్తగా పోయండి. ఇరువైపుల కడీలు గట్టిగా ఉన్నాయి కాబట్టి ఆ రెండు వారాలు జాలికి ఇబ్బంది ఉండదు. కింద సందులో మాత్రం రాళ్లు పేర్చి పెట్టండి.